రాయగడలో ఉండి వైజాగ్‌లో వైద్యం: జీతం లేని ఇంట్లో ఆరోగ్య బీమా ఇన్నేళ్లు వాడాక

మాది ఒడిశాలోని రాయగడ. నాకు బట్టలు కుట్టే షాపు, దానికే ఆనుకుని చిన్న మ్యాచింగ్ సెంటర్. మా ఆయనకు సొంత పికప్ వ్యాన్ ఉంది, పార్వతీపురం, గుణుపూర్, కోరాపుట్ వైపు సరుకు తోలతారు. ఇంట్లో ఇద్దరికీ నెల జీతం లేదు, ఈఎస్ఐ లేదు, కంపెనీ ఇచ్చే గ్రూపు ఇన్సూరెన్సూ లేదు. ఒకరు మంచం పడితే ఆసుపత్రి బిల్లు ఒక దెబ్బ, ఆగిపోయిన సంపాదన ఇంకో దెబ్బ. 2017 జూలై నుంచి ఆరోగ్య బీమా కడుతున్నాం, మధ్యలో ఒకసారి కంపెనీ మారాం. ఒక క్లెయిమ్ పూర్తిగా పోయింది, ఒకటి సగం చిల్లర వచ్చింది, మిగతావి బాగానే అయ్యాయి. షాపుకొచ్చే ఆడవాళ్లు "వదినా, మీరు ఏది కడుతున్నారు, మమ్మల్ని ఏది తీసుకోమంటారు" అని అడుగుతూ ఉంటారు, జాకెట్టు కొలతలు తీసుకుంటూ ఇదంతా చెప్పడం అయ్యే పని కాదు కాబట్టి ఒకసారి రాసేస్తున్నా. కంపెనీల పేర్లు రాయను, ఎందుకంటే ఒకే కంపెనీ నాలుగైదు రకాల పాలసీలు అమ్ముతుంది, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. పేరు చూసి కొంటే లాభం లేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. మన వైపు చిన్న జ్వరానికి ఊళ్లో చూపించుకుంటాం, బిస్సంకటక్ మిషన్ ఆసుపత్రికి వెళ్తాం, కోరాపుట్ మెడికల్ కాలేజీకి వెళ్తాం. కత్తి పెట్టాల్సిన జబ్బు వచ్చిందంటే మాత్రం నూటికి తొంభై మంది వైజాగ్ రైలే ఎక్కుతారు. భువనేశ్వర్ దూరం, వైజాగ్‌లో భాష మనది, బంధువులు ఉంటారు. కాబట్టి పాలసీ చూపించే ఏజెంటును "ఎన్ని లక్షలు" అని అడిగే ముందు "ఒడిశా అడ్రసుతో ఇది తీసుకుని వైజాగ్‌లో చేరితే ఎంత ఇస్తారు" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు తడబడే ఏజెంట్లు నాకు చాలామంది తగిలారు.

మొదటి పాలసీ బ్యాంకులో తీసుకున్నాం. వ్యాన్ లోన్ కోసం వెళ్తే లోన్‌తో పాటు అంటగట్టిన కాగితాల్లో ఇదీ ఒకటి. మా ఇద్దరికీ ఇద్దరు పిల్లలకీ కలిపి 3 లక్షల ఫ్లోటర్. ఫ్లోటర్ అంటే తలా 3 లక్షలు అని చాలామంది అనుకుంటారు, అలా కాదు, ఏడాదికి ఇంటిల్లిపాదికీ కలిపి 3 లక్షలు, ఎవరు వాడుకుంటే అంత తగ్గుతుంది. ప్రీమియం అప్పట్లో 9 వేల లోపు, సరసమే అనిపించింది.

పూర్తిగా పోయిన క్లెయిమ్ ఈ పాలసీ మీదే. 2018 వానాకాలం మా ఆయనకు మలేరియా. మన జిల్లాకు మలేరియా కొత్త కాదు కానీ ఆసారి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, రాత్రికి రాత్రి దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. బాగా చూసుకున్నారు, నయమైంది, బిల్లు 21 వేలు. కాగితాలన్నీ పంపితే కంపెనీ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఆ నర్సింగ్ హోమ్‌లో ఎన్ని పడకలు అని. పాలసీలో "ఆసుపత్రి" అంటే ఏమిటో ఒక నిర్వచనం ఉంటుంది. ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, అది లేకపోతే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, పెద్ద నగరాల్లో 15, ఇరవైనాలుగు గంటలూ నర్సు, డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఉండాలి. అక్కడ రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే రెన్యువల్‌కి ఇచ్చామన్నారు, పడకలు లెక్కపెడితే పది లేవు. రూపాయి రాలేదు. ఆ నర్సింగ్ హోమ్ వాళ్లది వైద్యంలో తప్పు అనను, రాత్రి పూట ప్రాణం ముఖ్యం, మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అక్కడికే వెళ్తాం. కానీ మీ ఊళ్లో మీరు మామూలుగా వెళ్లే చోట రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోండి. ఇంకోటి, అడ్మిట్ అయి కనీసం 24 గంటలు ఉంటేనే మామూలు క్లెయిమ్. పొద్దున్న సెలైన్ ఎక్కించుకుని సాయంత్రం ఇంటికొచ్చేస్తే ఏమీ రాదు. డయాలసిస్, కంటి శుక్లం ఆపరేషన్ లాంటి డేకేర్ వాటికి మాత్రం ఈ 24 గంటల లెక్క ఉండదు.

రెండోది 2019 అక్టోబర్, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, మా ఆయనకే. రాళ్లు, హెర్నియా, మొలలు, శుక్లం, గర్భసంచి గడ్డలు, కీళ్ల మార్పిడి లాంటి వాటికి సాధారణంగా మొదటి రెండేళ్లు డబ్బు రాదు, 24 నెలల వెయిటింగ్ ఉంటుంది. మాకు రెండేళ్లు దాటి మూడు నెలలైంది కాబట్టి ఆ గండం తప్పింది. వైజాగ్‌లో ఆపరేషన్, క్యాష్‌లెస్ (అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఒప్పుకున్నారు, హాయిగా ఉన్నాం. డిశ్చార్జి రోజు బిల్లు చూస్తే 95 వేలు, కంపెనీ ఇచ్చింది 52 వేలు. మిగతా 43 వేలు మేం కట్టాలి.

ఎందుకలా అయిందో చెప్తా, ఎందుకంటే మన వైపు అమ్మే చవక పాలసీల్లో ఇది ఇప్పటికీ ఉంది. మా పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం. 3 లక్షలకు 3 వేలు. మేం ఉన్న గది 5 వేలు. గదికి తేడా రోజుకు 2 వేలే కదా, నాలుగు రోజులకు 8 వేలు పోతాయి అనుకుంటాం. లెక్క అలా ఉండదు. 5 వేల గదిలో 3 వేలకే అర్హత అంటే 60 శాతం అర్హత, కాబట్టి సర్జన్ ఫీజు, థియేటర్, మత్తు డాక్టరు, నర్సింగ్, అన్నింటికీ 60 శాతమే ఇస్తారు. పెద్ద గదిలో ఉంటే అదే ఆపరేషన్‌కు ఆసుపత్రి ఎక్కువ ఛార్జి చేస్తుంది అనేది వాళ్ల వాదన. మాకప్పుడు మందులతో సహా అన్నింటికీ కోశారు. తర్వాత బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చింది, ఇప్పుడు మందులకు, లోపల పెట్టే ప్లేట్లు స్టెంట్లకు, టెస్టులకు ఈ దామాషా కోత వేయకూడదు, ఐసీయూ ఛార్జీలకూ వేయకూడదు. అయినా సర్జన్ ఫీజు, థియేటర్ మీద పడే కోత చాలు నడుము విరగడానికి. అది కాక గ్లౌజులు, మాస్కులు, ఇలాంటి సామాన్లకు డబ్బివ్వరు, 68 వస్తువుల జాబితా ఒకటి ఉంది పాలసీ కాగితాల చివర, ఎవరూ చదవరు. ఇప్పుడు దీనికి యాడ్-ఆన్ కవర్లు వచ్చాయి, కొద్దిగా ఎక్కువ కడితే ఇవి కూడా ఇస్తారు.

ఏజెంటు అడ్డం పెట్టుకునే మాట ఒకటుంది: "జనరల్ వార్డులో ఉండండమ్మా, ఏ కోతా ఉండదు". వైజాగ్ ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ వార్డు దొరకడం మన చేతిలో ఉందా? ఖాళీ లేదంటారు, ఇద్దరు పేషెంట్లుండే ట్విన్ షేరింగ్ గదిలో వేస్తారు. కాబట్టి గది అద్దె పరిమితి లేని పాలసీ, లేదా "సింగిల్ ప్రైవేట్ ఏసీ గది" అని మాటల్లో రాసి ఉన్న పాలసీ తీసుకోవాలి, అంకెల్లో రాసినవి వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. దీనికోసం పాలసీ మొత్తం పది నుంచి ఏడు లక్షలకు తగ్గించుకోవాల్సి వచ్చినా నేను తగ్గించుకుంటా.

ఐఆర్‌డీఏఐ తెచ్చిన ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ గురించి కూడా ఇక్కడే చెప్తా, 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్నాయి, నిబంధనలు అన్ని చోట్లా ఒకటే, ధర మాత్రం కంపెనీని బట్టి. గది అద్దె 2 శాతం, గరిష్ఠం రోజుకు 5 వేలు. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనం పెట్టుకోవాలి. శుక్లానికి ఒక్కో కంటికి 40 వేలు దాటి ఇవ్వరు. అసలేమీ లేనివాళ్లకు, వయసు చిన్నగా ఉండి ఇప్పుడే షాపు పెట్టుకున్నవాళ్లకు మొదటి పాలసీగా పర్వాలేదు. మా ఇంటికి మాత్రం సరిపోదు.

2021లో కంపెనీ మారాం. దాన్ని పోర్టబిలిటీ అంటారు, సిమ్ కార్డు మార్చినట్టే నంబరు పోకుండా వెళ్లిపోవచ్చు, ఇక్కడ నంబరు బదులు మనం గడిపిన వెయిటింగ్ కాలం వెంట వస్తుంది. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి అర్జీ పెట్టాలి. కొత్త కంపెనీ తప్పకుండా తీసుకోవాలని లేదు, జబ్బులు చూసి కాదనొచ్చు, అందుకని కొత్తది ఖాయమయ్యే దాకా పాతది ఆపొద్దు. మాకు 10 లక్షల ఫ్లోటర్ ఇచ్చారు, గది పరిమితి లేదు. పాత 3 లక్షల వరకే పాత వెయిటింగ్ లెక్కలోకి వచ్చింది, పెంచిన 7 లక్షలకు వెయిటింగ్ మొదటి నుంచి. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ నోరు విప్పి చెప్పరు.

అప్పటికి మా ఆయనకు షుగర్ ఉంది. ఏజెంటు, మంచివాడే, మా దూరపు బంధువే, "షుగర్ రాయొద్దు వదినా, మందులు చిన్న డోసే కదా, ప్రీమియం పెరిగిపోద్ది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏ డాక్టరు దగ్గర ఎప్పుడు మొదలైంది, ఏ మాత్ర వేసుకుంటున్నారు, అన్నీ రాయించా. ప్రీమియం పెరిగింది, షుగర్ సంబంధమైన వాటికి వెయిటింగ్ పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి పాత జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదని ఐఆర్‌డీఏఐ చెప్పింది, అంతకుముందు నాలుగేళ్ల దాకా ఉండేది. అలాగే వరసగా 60 నెలలు కట్టాక, మోసం అని నిరూపిస్తే తప్ప "మీరు ఫలానా జబ్బు దాచారు" అని క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. ఇదివరకు దీనికి ఎనిమిదేళ్లు. ఈ ఐదేళ్ల రూలు విని "అయితే దాచి ఐదేళ్లు గడిపేద్దాం" అనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆ ఐదేళ్లలో గుండెకు వస్తే ఏం చేస్తారో వాళ్లకే తెలియాలి.

అత్తగారిని ఫ్లోటర్‌లో వేయలేదు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కేస్తారు, ఆవిడను చేరిస్తే మా నలుగురి ప్రీమియమూ ఆవిడ వయసుతోనే మొదలవుతుంది. ఆవిడకు వేరుగా 5 లక్షలది తీసుకున్నాం, 20 శాతం మేం పెట్టుకునే షరతుతో. ఇలా విడగొట్టడమే చవక, రెండు రకాలుగానూ కొటేషన్ తెప్పించుకుని చూశాం.

ఇప్పుడు జోన్ గొడవ. చాలా పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విడగొడతారు. పెద్ద నగరాలు ఒక జోన్, మధ్యరకం ఊళ్లు ఒకటి, మనలాంటి చిన్న ఊళ్లు ఆఖరు జోన్. మన అడ్రసుకు ప్రీమియం తక్కువ, సంతోషం. కానీ కొన్ని పాలసీల్లో ఆఖరు జోన్ వాళ్లు పై జోన్ నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో పది, ఇరవై శాతం మనం పెట్టుకోవాలి. వైజాగ్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో జోన్‌లో పెడుతుంది. మేం చూసిన ఒక పాలసీ అన్ని విధాలా బాగుంది, ధర కూడా మాకు నచ్చింది, కానీ రాయగడ అడ్రసుకు వైజాగ్‌లో 20 శాతం కోపే (ఇలా మనం పెట్టుకునే వాటా) ఉంది, అక్కడే పక్కన పెట్టేశాం. ఈ కోపే తప్పించుకోవడానికి కొందరు పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఉన్న చుట్టాల అడ్రసు ఇస్తారు. అలా చేయొద్దు. ఆధార్ ఒడిశాది, జీఎస్టీ నంబరు ఒడిశాది, పాలసీ ఆంధ్రాది, క్లెయిమ్ రోజున ఇవన్నీ ఎదురుగా పెట్టి అడుగుతారు.

నెట్‌వర్క్ ఆసుపత్రుల (కంపెనీతో క్యాష్‌లెస్ ఒప్పందం ఉన్నవాటి) జాబితా చూసేటప్పుడు కూడా ఇంతే. రాయగడ అని వెతికితే ఏమీ రాదు, వచ్చినా ఒకటో రెండో. వైజాగ్, విజయనగరం, శ్రీకాకుళం, బరంపురం, ఈ నాలుగూ చూడండి. వెబ్‌సైట్లో ఉన్నది నమ్మకుండా ఆ ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కే ఫోన్ చేసి అడగండి, ఎందుకంటే ధరల దగ్గర తగవు వచ్చి ఏడాది మధ్యలో జాబితాలోంచి తీసేస్తూ ఉంటారు. 2024 జనవరి నుంచి జాబితాలో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడగొచ్చు అని బీమా కంపెనీల మండలి ప్రకటించింది, ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరం అయితే చేరిన 48 గంటల లోపు కంపెనీకి చెప్పాలి. కానీ ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి కదా. దీన్ని నమ్ముకుని వెళ్లొద్దు, ఉంటే మంచిదే అనుకోండి.

అంబులెన్సు కూడా చూసుకోండి. ఇక్కణ్నుంచి వైజాగ్ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. చాలా పాలసీల్లో అంబులెన్సుకు ఇచ్చేది రెండు మూడు వేలు. ఆక్సిజన్ ఉన్న బండి మాట్లాడుకుంటే దానికి ఎన్ని రెట్లు అవుతుందో మన ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

2023లో మా ఆయన వ్యాన్ కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డులో బోల్తా కొట్టింది. కాలు విరిగింది. కోరాపుట్‌లో ప్రథమ చికిత్స చేసి కట్టు కట్టారు, అక్కణ్నుంచి వైజాగ్ తీసుకెళ్లాం, ప్లేటు వేశారు. ప్రమాదాలకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, వెయిటింగ్ లేదు. క్యాష్‌లెస్ అయింది, 2 లక్షల 30 వేల బిల్లులో మా చేతి నుంచి 11 వేలు పడింది. యాక్సిడెంట్ కేసు కాబట్టి ఎంఎల్‌సీ కాగితం (ఆసుపత్రి రాసిచ్చే మెడికో-లీగల్ కేసు కాగితం), పోలీసు ఫిర్యాదు నకలు, డ్రైవింగ్ లైసెన్సు అడిగారు. మధ్యలో ఒక చిక్కు వచ్చింది. వార్డులో జూనియర్ డాక్టరు కేస్ షీట్‌లో షుగర్ పదేళ్ల నుంచి ఉన్నట్టు రాసేశాడు. నొప్పితో ఉన్న మనిషి ఏదో గొణిగితే ఈయన ఏదో రాసుకున్నాడు. కంపెనీ వెంటనే పట్టుకుంది: పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో మీరు రాసింది వేరు కదా అని. మొదటిసారి షుగర్ తేలినప్పటి ప్రిస్క్రిప్షన్ నా దగ్గర ఉంది, అది పంపితే ఒక్క పూటలో తేలిపోయింది. అప్పటి నుంచి ఆసుపత్రిలో చేరేటప్పుడు హిస్టరీ చెప్పేది నేనే, రాసింది చదివి చూపించమని అడిగేదీ నేనే. విసుక్కుంటారు, విసుక్కోనీ.

కానీ ఆ ఏడాది మమ్మల్ని నిజంగా నిలబెట్టింది ఈ పాలసీ కాదు. ఆసుపత్రి బిల్లు కంపెనీ కట్టేసింది సరే, ఆ తర్వాత మూడు నెలలు వ్యాన్ షెడ్డులోనే. ఈఎంఐ 14 వేలు ఆగదు. పిల్లల ఫీజులు ఆగవు. పైగా నేను ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ ఉంటే షాపులో పెళ్లి ఆర్డర్లు పోయాయి. జీతగాళ్లకు మెడికల్ లీవు ఉంటుంది, మనకు ఏముంది? అప్పుడు పనికొచ్చింది పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, 5 లక్షలది, ఏడాదికి రెండు వేల చిల్లర. దాంట్లో తాత్కాలికంగా పని చేయలేకపోతే వారానికి 1 శాతం, అంటే 5 వేలు ఇస్తారు, డాక్టరు ఫిట్‌నెస్ ఇచ్చేదాకా. సుమారు 60 వేలు వచ్చాయి. నాలుగు ఈఎంఐలు దాంతో గడిచాయి. ఈ పాలసీ తీసుకునేటప్పుడు ఫారంలో వృత్తి దగ్గర "వ్యాపారం" అని రాస్తే చవక, "సరుకు వాహనం డ్రైవర్" అని రాస్తే ప్రీమియం ఎక్కువ, ఎందుకంటే ప్రమాదం ఎక్కువ ఉన్న వృత్తి. డ్రైవర్ అనే రాయించాం. బోల్తా కొట్టిన వ్యాన్ స్టీరింగ్ దగ్గర దొరికిన మనిషిని వ్యాపారి అంటే ఎవరు నమ్ముతారు? ఎంత మొత్తానికి ఇస్తారనేది మన ఆదాయాన్ని బట్టి, ఐటీఆర్ (ఇన్‌కం ట్యాక్స్ రిటర్ను) అడిగారు. సొంత పనివాళ్లు రిటర్ను వేయడానికి ఇదొక కారణం.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్ష బీమా ఉంది కదా అంటారు. ఉండాలి, తప్పకుండా ఉంచుకోండి, కానీ అది చనిపోయినా, రెండు కళ్లో కాళ్లో చేతులో పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒకటి పోతే లక్ష. కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే దాంట్లో పైసా రాదు. 436 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి జీవిత బీమా. ఈ రెండూ ఆరోగ్య బీమా కావు, ఎస్ఎంఎస్ చూసి "మాకు ఇన్సూరెన్స్ ఉంది" అనుకునేవాళ్లు ఎంతమందో.

ప్రభుత్వ కార్డుల సంగతి. సరిహద్దుకు అవతల పార్వతీపురంలో ఉన్న మా చెల్లి వాళ్లకు ఆరోగ్యశ్రీ, 2007 నుంచి ఆంధ్రాలో ఉన్నదే, పేరు మారుతూ వస్తోంది. అది ఆంధ్రా కార్డు, భాష ఒకటైనంత మాత్రాన మనకు రాదు. మనకు 2018 నుంచి బిజు స్వాస్థ్య కల్యాణ్ ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన. కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకే. ఆ కార్డు ఉంటే ప్రైవేటు పాలసీ మీద పాతిక వేలు తగలేయమని నేను ఎవరికీ చెప్పను. పాత జబ్బులకు కూడా వెయిటింగ్ లేదు, ప్రీమియం లేదు. ముందు ఆ కార్డు చేయించుకోండి, తర్వాత యాక్సిడెంట్ పాలసీ ఒకటి తీసుకోండి, అంతవరకు చాలు. మాకు రేషన్ కార్డు లేదు, కాబట్టి మా లెక్క వేరు. అటు పేదలమూ కాము, ఇటు జీతగాళ్లమూ కాము, షాపులున్న వాళ్లందరిదీ ఇదే బాధ.

డెబ్బై దాటిన వాళ్లకు మాత్రం ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 5 లక్షలు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. అత్తగారికి డెబ్బై నిండాయి, ఆధార్‌తో చేయించేశాం. ఇంక ఆవిడ ప్రైవేటు పాలసీ మానేద్దాం అంటారు మా ఆయన, ఏడాదికి 30 వేల పైనే దానికి. నేను ఇంకా ఉంచమంటున్నా. ఆయుష్మాన్‌లో ఆసుపత్రులు విభాగాల వారీగా ఉంటాయి, గుండెకు ఉన్న ఆసుపత్రి మోకాళ్లకు ఉండకపోవచ్చు, రాష్ట్రం దాటి చెల్లుతుందని ఉంది కానీ డెస్క్ దగ్గర మనిషి ఒప్పుకోవాలి. ఒకసారి వాడి చూశాక మానేద్దాం అని నా వాదన. ఈ విషయం మా ఇంట్లో ఇంకా తేలలేదు.

2025 మొదట్లో నా వంతు వచ్చింది, గర్భసంచి గడ్డలు, ఆపరేషన్. ముందే తేదీ అనుకుని వెళ్లాం కాబట్టి టెన్షన్ లేదు. 2024 మే నుంచి ఉన్న రూలు ప్రకారం క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి, అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ డబ్బు కంపెనీదే. మాకు కంపెనీ రెండు గంటల్లోనే ఇచ్చింది. ఆలస్యమైంది ఆసుపత్రి వైపే, డాక్టరు "వెళ్లొచ్చు" అన్నాక బిల్లు తయారుచేసి కంపెనీకి పంపడానికే మధ్యాహ్నం దాటింది, ఆ మూడు గంటలు బిల్లు వాళ్లకు చేరాకే మొదలవుతాయి మరి. రైలు తప్పిపోయింది, పెద్దమ్మ ఇంట్లో ఉండి తెల్లారి వచ్చాం. లక్షా 30 వేల బిల్లులో నా చేతి నుంచి 7 వేలు. ఇంటికొచ్చాక వేసుకున్న మందులకు, చెకప్‌కు కూడా తర్వాత తిరిగి ఇచ్చారు, కానీ మెడికల్ షాపులో తెల్ల చీటీ మీద రాసిచ్చేది పనికిరాదు, పేషెంటు పేరుతో పక్కా బిల్లు, దానికి ప్రిస్క్రిప్షన్ ఉండాలి.

ఆ తిరిగి ఇచ్చే డబ్బు దగ్గర కంపెనీ చాలా సాగదీసింది, ఒకే కాగితం మళ్లీ మళ్లీ అడిగారు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాక కదిలింది. అక్కడా తేలకపోతే బీమా గొడవలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్లాలి, 50 లక్షల దాకా వింటారు. వైద్యం వైజాగ్‌లో జరిగినా మన అడ్రసు ఒడిశా కాబట్టి మనకు భువనేశ్వర్ ఆఫీసు. కాల్ సెంటర్ వాళ్లు మన పిన్‌కోడ్ చూసి ఒడియాలోనో హిందీలోనో మొదలుపెడతారు, తెలుగు కావాలని అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు.

డబ్బు కట్టే తీరు. మా రెన్యువల్ జూలైలో. ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, కుట్టుపని సగానికి పడిపోతుంది, వానల్లో వ్యాన్ కిరాయిలు తగ్గుతాయి, సరిగ్గా అప్పుడే మా ఫ్లోటర్‌కీ అత్తగారి పాలసీకీ కలిపి 60 వేలకు పైగా కట్టాలి. 2021లో మా ఫ్లోటర్ 19 వేల చిల్లర, 2025కి 29 వేలు. పోస్టాఫీసులో దీనికే ఒక ఆర్‌డీ కడుతున్నా, దసరా, సంక్రాంతి సీజన్లలో ఎక్కువ వచ్చినప్పుడు కొంత పక్కన పెడతా. గడువు దాటినా 30 రోజులు అదనంగా ఇస్తారు, పాలసీ పోదు, కానీ ఏడాదికోసారి కట్టేవాళ్లకు ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే డబ్బు రాదు. నెలవారీ కట్టే వెసులుబాటు కూడా ఉంది, దానికి గడువు 15 రోజులే, సంపాదన ఒక నెల ఉండి ఒక నెల లేనివాళ్లకు అది ఇంకా ప్రమాదం అని నా ఉద్దేశం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, మా జూలై రెన్యువల్ దాటిపోయాక! వచ్చే జూలైకి చూడాలి, పన్ను తగ్గినంతా మన దాకా వస్తుందో, అసలు ప్రీమియమే పెంచుతారో. అరవై దాటిన వాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ఐఆర్‌డీఏఐని అడగాలని 2025 జనవరిలో రూలు వచ్చింది, అత్తగారి పాలసీకి అది కొంచెం ఊరట. మాకు అది వర్తించదు. ప్రీమియం చూపిస్తే ఇన్‌కం ట్యాక్స్ తగ్గుతుందని ఆశ పెడతారు, అది పాత విధానంలో లెక్క కట్టేవాళ్లకే, పైగా ప్రీమియం నగదుగా కడితే దానికీ లేదు.

ఆన్‌లైన్‌లో కొనాలా, ఏజెంటు దగ్గరా? నాకు ఫోన్‌లో అన్నీ చేసుకోవడం వచ్చు, అయినా మా ఊళ్లో ఉన్న ఏజెంటు దగ్గరే ఉంచా. షుగర్ దాచమన్న ఆ బంధువే. వైజాగ్‌లో మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంటి బీరువాలోంచి కాగితాలు తీయించి స్కాన్ చేసి పంపింది అతనే. సలహా విషయంలో అతని మాట వినను, పని విషయంలో అతని మీదే ఆధారపడతా.

ఇప్పుడు నా ముందున్న పని పెద్దమ్మాయిది. దానికి 23, నాతో పాటు షాపులోనే కూర్చుంటుంది. మా ఫ్లోటర్‌లో పిల్లలకు 25 దాకానే. అప్పుడు దాన్ని వేరే పాలసీకి మార్చాలి, అదే కంపెనీలో మారిస్తే ఇన్నేళ్లు గడిపిన వెయిటింగ్ దానికీ కలుస్తుంది, తెగ్గొట్టి కొత్తగా తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా పెళ్లి కుదిరితే అడ్రసు మారుతుంది, ఆంధ్రాకు వెళ్తుందో ఇక్కడే ఉంటుందో, దాన్ని బట్టి జోనూ మారుతుంది. కంపెనీకి మెయిల్ పెట్టి ఈ మార్పు ఎలా చేస్తారో రాతపూర్వకంగా అడిగా, జవాబు వచ్చాక ఏజెంటుకు చూపిస్తా.